అయిదో రౌండు తరఫున నా వాదన

నక్షత్రాల మధ్య దూరాలు దాటి వచ్చిన సైన్యం భోజనాల బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు తుపాకీ పేల్చలేకపోతే, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మానవజాతికి దక్కిన వరాల్లో అదొకటి!

నవ్వకండి. నేను ఇరవయ్యారేళ్ళుగా హైస్కూల్లో ఫిజిక్సు చెబుతున్నవాణ్ణి. వేగం, దూరం, గురుత్వాకర్షణ గురించి నోటికొచ్చినట్టు మాట్లాడితే నా ఉద్యోగానికే ముప్పు. ఈ మాట అనే ముందు రెండువందల పద్దెనిమిది పేజీల రూల్సు పుస్తకాన్ని పెన్సిలు పట్టుకుని మరీ చదివాను.

అది భవిష్యత్తులో జరిగే యుద్ధాల ఆట. దాని సంగతి తెలియని అదృష్టవంతుల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇద్దరు ఆటగాళ్ళు. ఇద్దరికీ బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులు, ట్యాంకులు, మరమనుషులు. ఎవరు ఎంత దూరం కదలాలో కొలవడానికి ఒక టేపు. గుండు తగిలిందో తప్పిందో తేల్చడానికి పాచికలు. మొత్తం ఆరు రౌండ్లు. కాలం, ఇప్పటికి కొన్ని వేల ఏళ్ళ తర్వాత. స్థలం, ఏదో దిక్కుమాలిన గ్రహం. ప్రస్తుతానికి ఆ గ్రహం మా తమ్ముడి ఇంట్లో భోజనాల బల్ల మీద ఉంది.

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఎదుటి సైన్యం పళ్ళ డాక్టరుగారిది. పదకొండేళ్ళ క్రితం ఆయన క్లినిక్కున్న బిల్డింగులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే తమ్ముడు వెళ్ళి ఆయన్ను బయటికి లాగాడు. ఆ నలభై నిమిషాల్లో కుదిరిన స్నేహం. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున పదింటికి యుద్ధమే. డాక్టరుగారు విరిగిన ట్యాంకులను పళ్ళ గుంతలు పూడ్చే సిమెంటుతో అతికిస్తారు. "నీ ట్యాంకులకున్నంత గట్టి పళ్ళు నీ పేషెంట్లలో ఒక్కడికైనా ఉన్నాయా?" అని తమ్ముడు ఏడిపించేవాడు.

ఏడు నెలల కిందట, అయిదో రౌండు సగంలో ఉండగా, తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆట మాత్రం బల్ల మీద అలాగే ఉంది.

ఇంకో రౌండున్నర ఆడితే ఆట ముగుస్తుంది. ముగిస్తే బొమ్మలు పెట్టెలోకి వెళ్ళాలి. వాడు ఆఖరిసారి చేత్తో పట్టుకుని పెట్టినవి అవే. అందుచేత ఆ రౌండు ముగియకూడదన్నది నా పక్షం. భోజనాల బల్ల మీద భోజనం చేయాలన్నది మా మరదలి పక్షం. ఆమె ఏడు నెలలుగా వంటగదిలో గట్టు దగ్గర నిలబడి తింటోంది. ఆమె పక్షాన న్యాయం ఉంది, నేను కాదనను. నా పక్షాన రూల్సు పుస్తకం ఉంది!

ఇక విషయానికి వస్తాను.

ఈ సైనికుల తుపాకీ గుండు ఇరవై నాలుగు అంగుళాలు పోతుంది. బొమ్మ ఎత్తును మనిషి ఎత్తుగా లెక్కవేసి చూశాను. సుమారు నలభై మీటర్లు! మా స్కూలు గ్రౌండులో ఏడో తరగతి పిల్లలు రాయిని అంతకంటే దూరం విసురుతారు. కావాలంటే స్టాఫ్‌రూము కిటికీ అద్దాన్ని అడగండి. వెలుతురు కంటే వేగంగా ఓడలు నడిపే నాగరికతకు ఒక రాయి విసిరినంత దూరం గుండు పేల్చడం రాదా?

వస్తుంది. వద్దనుకున్నారు. ఎంత గొప్ప సంయమనం! శత్రువు ముఖం కనిపించేంత దగ్గరికి వెళితే తప్ప చంపరాదు. వెళ్ళేలోగా ఆలోచించుకోవడానికి రెండు రౌండ్లు పడుతుంది. ప్రపంచంలోని ఆయుధాలన్నింటికీ ఇదే హద్దు పెడితే ఎన్ని యుద్ధాలు నడక బద్ధకంతోనే ఆగిపోయేవో లెక్కవేయండి.

చూపు సంగతి చూద్దాం. ఎదుటి సైనికుడి ఒంట్లో ఏ ముక్క కనిపించినా కాల్చవచ్చు. తమ్ముడి దళంలో ఒకడు కత్తి పైకెత్తి నిలబడి ఉంటాడు. గోడ వెనక దాక్కున్నా కత్తి మొన గోడ మీదుగా కనిపిస్తుంది. మొన కనిపించింది గనక గుండు వచ్చి గుండెల్లో తగులుతుంది! కత్తి కిందికి దించొచ్చు కదా అంటారా? ఎలా దించుతాడు? జిగురు పెట్టి అతికించిన చెయ్యి. నేను వాడికి 'ప్రెజెంట్ సార్' అని పేరు పెట్టాను. హాజరు పలకడానికి చెయ్యెత్తి, నేను చూశాక కూడా దించని రకం ప్రతి క్లాసులో ఒకడుంటాడు.

వాడి పక్కనే బోర్లా పడుకుని పాకే సైనికుడు ఒకడున్నాడు. పుట్టినప్పటి నుంచి పాకుతూనే ఉన్నాడు. అయినా పరిగెత్తేవాళ్ళతో సమానంగా ఆరంగుళాలు వెళతాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు. వాళ్ళ కాళ్ళ కింద అతికించిన గుండ్రటి బిళ్ళ తలుపు కంటే వెడల్పు. లోపలికి దూరడం కుదరదు. అందుకని రూల్సు రాసిన పెద్దలు గోడలో నుంచి నడిచి వెళ్ళే వెసులుబాటు ఇచ్చారు!

అవును. తలుపులో నుంచి వెళ్ళలేనివాడు గోడలో నుంచి వెళ్ళవచ్చు. మనం తలుపుల దగ్గర ఎన్ని గంటలు నిలబడి ఉంటామో తలుచుకుంటే, ఈ రూలు రాసినవాళ్ళ చేతులు కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది.

మర్యాద విషయంలో ఈ సైన్యాలకు సాటి లేదు. ఒకవైపు దళం కదులుతున్నంతసేపూ ఎదుటి దళం చేతులు కట్టుకుని చూస్తుంది. మీద ట్యాంకు ఎక్కించినా సరే, తమ వంతు వచ్చేదాకా కిక్కురుమనరు. మా స్టాఫ్‌రూములో డిగ్రీలున్నవాళ్ళు పదిహేడు మంది. అందులో ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు ఎంతమంది అని అడగకండి.

ఇంకొకటుంది. బల్ల అంచు దాటినవాడు పోయినట్టే. అంచుకు అవతల ఏమీ లేదు. భూమి గుండ్రంగా ఉంటుందని ఇరవయ్యారు బ్యాచీల పిల్లలకు చెప్పాను, చాక్‌పీసుతో బొమ్మ గీసి చూపించాను. ఇప్పుడు నా అభిప్రాయం మార్చుకున్నాను. అది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఒక కాలు కింద అట్టముక్క.

ఇవన్నీ నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. తమ్ముడు ఉన్నన్నాళ్ళూ నేను ఆ బల్ల వైపు చూసి నవ్వి ఊరుకునేవాణ్ణి. "నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా బొమ్మలేంట్రా?" అనేవాణ్ణి. "నీకు అర్థం కాదులే అన్నయ్యా, ఇందులో ఫిజిక్సు లేదు" అనేవాడు.

వాడు పోయిన నెల తర్వాత ఒక ఆదివారం పదింటికి డాక్టరుగారు బెల్లు కొట్టారు. చేతిలో టేపు ఉంది. ఎందుకొచ్చారో ఆయనకే తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డారు. అలవాటున కాళ్ళు తీసుకొచ్చేశాయట. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"ఆయన వైపు కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా మాస్టారూ" అన్నారు.

"నాకు ఆట రాదండీ."

"మీ తమ్ముడికి మాత్రం వచ్చా ఏంటి? పదకొండేళ్ళలో నన్ను గెలిచింది ఎనిమిది సార్లు."

"తొమ్మిది" అంది మా మరదలు వంటగదిలో నుంచి.

నేను కూర్చున్నాను. రానిదాన్ని వచ్చినట్టు నటించడం మాస్టర్లకు చేతకాని పని కాబట్టి పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి చదివాను. చదివిన ప్రతి పేజీలోనూ ఒక అభ్యంతరం దొరికింది. ప్రతి ఆదివారం ఒకటి డాక్టరుగారి ముందు పెట్టేవాణ్ణి. ఆయన ఖండించేవారు. టీ వచ్చేది. చల్లారేది. గాలి లేని గ్రహం మీద బూర ఊదితే పక్క దళానికి ధైర్యం ఎలా వస్తుందన్న దాని మీద రెండు ఆదివారాలు గడిచాయి. బూర కదిలింది చూసి ధైర్యం తెచ్చుకుంటారని ఆయన, మరి వీపు తిప్పి నిలబడ్డవాళ్ళ సంగతేంటని నేను.

"పళ్ళు పీకడం దీని కంటే సులువు" అన్నారాయన ఒకసారి, టేపు చుట్టేస్తూ. మరుసటి ఆదివారం పదికి అయిదు నిమిషాల ముందే వచ్చారు.

ఇక్కడ పాఠకులు గమనించాల్సింది ఒకటుంది. రూలు తిన్నగా ఉంటే ఇద్దరు మనుషులకు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? తర్కం బాగున్న చోట అరనిమిషంలో పనైపోయి ఎవరి దారిన వాళ్ళు పోతారు. కాస్త మెలిక ఉంటేనే ఒక పూట కలిసి కూర్చుంటారు. నా మాట నమ్మండి, సమాజాన్ని కలిపి ఉంచుతున్నది సరిగ్గా రాయని రూళ్ళే!

ఒక్క రూలు దగ్గర మాత్రం డాక్టరుగారికి నిజంగానే కోపం వచ్చింది. తమ్ముడి సైన్యంలో ఎర్రచొక్కా వైద్యుడు ఒకడున్నాడు. వాడు రౌండుకు ఒకసారి, చనిపోయిన సైనికుణ్ణి ఒకణ్ణి లేపవచ్చు. ఫిరంగి దెబ్బకు పొగై పోయినవాడైనా సరే! వైద్యుడు మూడంగుళాల లోపల ఉంటే చాలు.

"ఇది మాత్రం నేనొప్పుకోను మాస్టారూ. గాయానికి కట్టు కట్టాడంటే సరే. పొగకు కట్టేమిటండీ? నేనూ ఒక రకం డాక్టర్నే."

"పుస్తకంలో ఉంది కదండీ."

"మీరు సైన్సు మాస్టారు!"

"పుస్తకంలో ఉంది కదండీ" అన్నాను మళ్ళీ.

ఆ రూలు తరఫున మూడు ఆదివారాలు వాదించాను. మూడో ఆదివారం ఆయన నా ముఖం కేసి కాసేపు చూసి, "సరే, లేపండి" అన్నారు. ఒకణ్ణి లేపాను. తిరిగి వచ్చినవాడికి ఒంటి మీద గీత కూడా లేదు.

తర్కానికి బొత్తిగా నిలవదని డాక్టరుగారు అనే రూలు మరొకటుంది. ఒక దళంలోని సైనికులు ఒకరికొకరు రెండంగుళాల లోపే ఉండాలి. రౌండు చివర ఎవడైనా అంతకు మించి దూరంగా ఒంటరిగా మిగిలితే వాణ్ణి బల్ల మీది నుంచి తీసేయాలి. గుండు తగలనక్కర్లేదు. గాయం అక్కర్లేదు. తీసేయడమే.

"తిండి ఉంది, తుపాకీ ఉంది, ఒంట్లో బాగానే ఉంది. మరి దేనితో పోయినట్టు మాస్టారూ?" అని అడిగారు.

ఆ ఒక్క రూలు మీద నాకు అభ్యంతరం తోచలేదు. టీ తాగాను.

ఇలా వాదించుకుంటూనే మా వైపు దళాలు, ఆయన వైపు దళాలు ఒక్కొక్కటే వంతులు పూర్తిచేసుకుంటూ వచ్చాయి. మూడో నెలకల్లా అయిదో రౌండులో మిగిలింది ఒకే ఒక్క దళం. పగిలిన గోడ వెనక అయిదుగురు. తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళే ముందు వాళ్ళ మీద డాక్టరుగారి ట్యాంకు గుళ్ళ వాన కురిపించింది. ఎవరూ చావలేదు కానీ అందరూ బెదిరిపోయారు. బెదిరినట్టు గుర్తుగా తమ్ముడే వాళ్ళ పక్కన ఒక ఎర్ర గుండీ పెట్టాడు. ఆ ఆట మీద వాడు పెట్టిన ఆఖరి చెయ్యి అదే.

అప్పుడు నాకు దొరికింది చూడండి! జీవితంలో కొన్ని పేజీలు మన కోసమే అచ్చేసి ఉంటాయి. నలభై ఒకటో పేజీ: దళాలన్నీ తమ వంతు పూర్తిచేశాకే రౌండు ముగుస్తుంది. తొంభై ఏడో పేజీ: బెదిరిన దళం, రౌండు ముగిసేదాకా తన వంతు తీసుకోకూడదు.

ఇంకోసారి చదవండి. తొందరేం లేదు.

వాళ్ళు కదిలితే గానీ రౌండు ముగియదు. రౌండు ముగిస్తే గానీ వాళ్ళు కదలరు! అంటే అయిదో రౌండుకు చట్టప్రకారం అంతమే లేదు. ఎన్నో వేల ఏళ్ళ తర్వాత జరిగే ఆ యుద్ధం మరికొన్ని వేల ఏళ్ళు జరగవచ్చు. ఎవరూ ఓడరు. ఎవరూ పెట్టెలోకి వెళ్ళరు.

"మరి ఇన్నేళ్ళూ మీరేం చేసేవాళ్ళు?" అని డాక్టరుగారిని అడిగాను.

"ఏం చేస్తాం? చూసీ చూడనట్టు ముందుకెళ్ళిపోయేవాళ్ళం. పుస్తకం ఇంత శ్రద్ధగా ఎవరు చదివారు మాస్టారూ?"

"ఇప్పుడు చదివాం. ఇక చూడనట్టు ఉండలేం కదా?"

ఆయన అయిదుగురు సైనికుల వంక చూశారు. ఎర్ర గుండీ వంక చూశారు. టేపు జేబులో పెట్టుకున్నారు. "ఉండలేం" అన్నారు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

అది జరిగి నాలుగు నెలలు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పదింటికి ఆయన వస్తారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. రౌండు ముగిసిందా? లేదు. ముగుస్తుందా? వీల్లేదు. టీ తాగి, ఏదో ఒక పేజీ మీద పోట్లాడుకుని, పన్నెండింటికి లేస్తాం. ఏ దేశాల మధ్యా ఇంత నికరమైన కాల్పుల విరమణ ఉండి ఉండదు.

మా మరదలు మందుల షాపులో పనిచేస్తుంది. మందు డబ్బాలో మడతలు మడతలుగా ఉండే కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. ఈ వాదన ఇక్కడిదాకా రాసి ఉంచాక, మొన్న ఆదివారం ఆమె కంచం చేత్తో పట్టుకుని వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"బావగారూ, వంటగదిలో కాకుండా ఈ రోజు ఇక్కడ నిలబడి తింటాను. మార్పుగా ఉంటుంది."

డాక్టరుగారు కుర్చీలో సర్దుకున్నారు. నేను పరిస్థితి వివరించాను. నలభై ఒకటో పేజీ చూపించాను. తొంభై ఏడో పేజీ చూపించాను. ఈ రెంటికీ మధ్య చట్టం ఎలా నిస్సహాయంగా నిలబడిపోయిందో, అందులో నా స్వార్థం ఎంత లేదో, పిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాను. అభ్యంతరానికి సమాధానం, సమాధానానికి అభ్యంతరం నేనే చెప్పాను. ఇరవై నిమిషాలు పట్టింది. డాక్టరుగారు మధ్యమధ్య తల ఊపారు.

ఆమె తినడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, పుస్తకం తీసుకుంది. నలభై ఒకటో పేజీ తెరవలేదు. అట్ట తిప్పి మొదటి అధ్యాయానికి ముందున్న పేజీ తెరిచింది. అక్కడ ఒక పెద్ద రాకెట్టు బొమ్మ, దాని కింద చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు ఉంటాయి. ఎవరూ చదవరు.

ఆమె పైకి చదివింది. "రూలు అర్థం కాని చోట, ఇద్దరికీ కుదరని చోట, ఒక పాచిక వేయండి. నాలుగు గానీ ఆ పైన గానీ పడితే రూలు దాటి ముందుకెళ్ళండి. తక్కువ పడితే ఆగండి. ఏం చేసినా స్నేహంగా చేయండి."

డాక్టరుగారు తన గోళ్ళు చూసుకున్నారు. ఆయనకు ఆ పేజీ ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

పుస్తకం మూసి నా ముందు పెడుతూ ఆమె అంది. "మీకు ఇంత వాదించడం వచ్చని నాకు తెలీదు బావగారూ."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

పాఠకులకు ఇక్కడ ఇంకో రూలు గురించి చెప్పాలి. ఇది ఆట పుస్తకంలోది కాదు. తమ్ముడున్న ఆసుపత్రి మూడో అంతస్తులో అద్దాల తలుపు మీద ఉంటుంది. సందర్శకులకు సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు మాత్రమే అనుమతి. ఒకే వాక్యం. మంచి వాక్యం. ఎక్కడా మెలిక లేదు, రెండో అర్థం లేదు, పెన్సిలు పెట్టడానికి చోటు లేదు.

ఆ రోజు మరదలు రెండు రాత్రుల తర్వాత బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్ళింది. "ఆయన ఒక్కరే ఉన్నారు, మీరు వెళ్ళి కూర్చోండి బావగారూ" అని ఫోను చేసింది. నేను మూడుంబావుకు అక్కడికి చేరాను. తలుపు దగ్గర గార్డు, "నాలుగింటికి రండి సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అతని తప్పేమీ లేదు.

నేను "సరే" అన్నాను.

బయట బెంచీ మీద కూర్చున్నాను. వాచీ చూసుకున్నాను. ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకు రూలంటే రూలే అని చెప్పినవాణ్ణి. నాలుగుకు పది నిమిషాలుందనగా లోపలి నుంచి ఒక నర్సు వచ్చి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని వాడి మంచం నంబరు పిలిచింది.

తలుపుకూ వాడి మంచానికీ మధ్య పద్దెనిమిది అడుగులు. తర్వాత కొలిచాను.

అందుకే నా డిమాండు ఇది, సంబంధిత అధికారులు దయచేసి రాసుకోవాలి. ప్రతి అద్దాల తలుపు దగ్గరా, ప్రతి కౌంటరు మీదా, ప్రతి గార్డు జేబులోనూ ఒక పాచిక ఉండాలి! నాలుగు ఆ పైన పడితే లోపలికి. తక్కువ పడితే బెంచీ. సగానికి సగం అవకాశం ఉండేది కదా? ఫిజిక్సు మాస్టారుకు అది తక్కువ అవకాశమేం కాదు. పాచిక లేకపోతే పోయె, వాదించడానికి నోరుంది. ఆ నోటితో నేను "సరే" అన్నాను.

బల్ల దగ్గరికి వద్దాం. మరదలు పాచిక చేతిలోకి తీసుకుని, బల్ల మీద పరిచిన ఆట మ్యాటు మీద, పగిలిన గోడకు పక్కగా వేసింది. రెండు పడింది.

రెండు! చట్టప్రకారం నేను గెలిచాను. రౌండు ముగియదు. బల్ల నాదే.

ఆమె పాచికను చేతిలోకి తీసుకుంది. "మళ్ళీ వేస్తాను."

"చెల్లెమ్మా, అలా రెండోసారి..." అని డాక్టరుగారు మొదలుపెట్టి నా వైపు చూశారు.

"వేయకూడదని పుస్తకంలో ఉందా బావగారూ?"

ఉంది. ఎనిమిదో పేజీ, మూడో వాక్యం. పడిన పాచిక పడినట్టే, మళ్ళీ వేయరాదు. దాని కింద నేనే గీత గీశాను. ఆ గీత పెన్సిలు కాదు, ఎర్ర పెన్ను.

"లేదమ్మా, వెయ్యి" అన్నాను.

డాక్టరుగారు కిటికీలో నుంచి బయట చాలా ముఖ్యమైనదేదో చూశారు.

ఒకటి పడింది. "ఇంకోసారి వెయ్యి" అన్నాను. మూడోసారి అయిదు.

ఆరో రౌండు గంటలో అయిపోయింది. గోడ వెనక అయిదుగురి బెదురు తీరింది. వాళ్ళను కదపాల్సింది నేనే. ఒక్కొక్కణ్ణి ఎత్తి, ఒకరికొకరు రెండంగుళాల లోపే ఉండేలా టేపు పెట్టి చూసుకుంటూ, గోడలో నుంచి బయటికి తెచ్చాను. వాళ్ళు నిలబడిన చోట దుమ్ము లేదు. మ్యాటు మీద అయిదు గుండ్రటి శుభ్రమైన మచ్చలు మిగిలాయి. మరదలు వాటి వైపు చాలాసేపు చూసి, తడిగుడ్డ తేబోయి, తేకుండా వచ్చి కూర్చుంది.

డాక్టరుగారు మూడు పాయింట్లతో గెలిచారు. గెలిచినందుకు ఆయన సంతోషించలేదు. నేనూ ఓడినందుకు బాధపడలేదు. బొమ్మలు పెట్టెలోకి సర్దాం. మ్యాటు చుట్టేశాం. మరదలు మూడు కంచాలు పెట్టింది. ఏడు నెలల తర్వాత ఆ బల్ల మీద భోజనం చేశాం. అట్టముక్క ఎప్పుడో జారిపోయినట్టుంది, ఎవరు చెయ్యి ఆనించినా బల్ల ఊగింది.

గుమ్మం దగ్గర డాక్టరుగారు చెప్పులు వేసుకుంటూ, "అయితే వెళ్ళొస్తాను మాస్టారూ" అన్నారు. ఆ గొంతు వచ్చే ఆదివారం వచ్చే మనిషి గొంతులా లేదు. ఆట అయిపోయింది, ఇక ఆయనకు ఈ ఇంట్లో ఏం పని? ఇది న్యాయమే. తర్కానికి నిలిచే మాటే. అందులో ఎక్కడా మెలిక లేదు.

"ఆగండి" అన్నాను.

ఆ మూడు పాయింట్లలో ఒకదాని మీద నాకు అభ్యంతరం ఉంది. ఆయన ట్యాంకు చివర్లో కొండ మీదికి ఎక్కిందని ఆ పాయింటు వేసుకున్నారు. దాని వెనక చక్రం కొండ మీద లేదు, పావంగుళం కిందే ఉంది. నేను చూశాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అంతమాత్రాన చెప్పే హక్కు పోతుందా? పోతుందని నూట అరవయ్యో పేజీలో స్పష్టంగా ఉంది. ఉండనివ్వండి!

"వచ్చే ఆదివారం పదింటికి రావాలి మీరు. టేపు తెచ్చుకోండి. ఈసారి నేను ఊరుకోను."